రెండో బకెట్

హాస్టల్ ట్యాంకు పొంగి పొర్లుతోంది.

గోడ మీదుగా నీళ్ళు ధార కట్టి కిందపడుతున్న చప్పుడు వార్డెన్ క్వార్టర్స్ వంటగదిలోకి వినిపిస్తోంది. ఆ నీళ్ళ కింద చేరిన అమ్మాయిల కేరింతలు ఇంకా బాగా వినిపిస్తున్నాయి. పోయిన వేసవి తర్వాత ఆ ట్యాంకు ఒక్కసారి కూడా నిండిన పాపాన పోలేదు.

"ఎవరైనా వెళ్ళి ఆ మోటారు ఆపించండి. నేను వినలేకపోతున్నాను," అంది వార్డెన్.

వంటగదిలో ఉన్నది ముగ్గురు. ఆవిడ భర్త, అదే కాలేజీలో లైబ్రేరియన్, టీ కప్పు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. టీ మీద మీగడ కట్టి చాలాసేపయింది. కూతురు, అదే కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతున్న పిల్ల, గుమ్మానికి ఆనుకుని తండ్రిని చూస్తోంది. మోటారు ఆపించడానికి ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు.

"వాచ్‌మన్ చూసుకుంటాడులే," అన్నాడు లైబ్రేరియన్.

"అవును. ఈ ఇంట్లో అన్నీ ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకునే ఇంతదాకా తెచ్చుకున్నాం. ఆ పైపు ఎప్పుడు వేయించారు?"

"నిన్న చెప్పాను కదా."

"మీరు చెప్పలేదు. ఫిట్టర్ చెప్పాడు. మీరు ఆకాశం వైపు చూశారు."

అది నిజమే. పడకగది గోడ చెమ్మెక్కుతోందని నిన్న సాయంత్రం ఫిట్టర్‌ని పిలిపించారు. అతను గోడ వెనక మట్టి తవ్వేసరికి, హాస్టల్ ట్యాంకు నుంచి దిగే పెద్ద గొట్టానికి అతికించిన పైపు ఒకటి బయటపడింది. అది వచ్చి వార్డెన్ క్వార్టర్స్ సంపులో పడుతోంది. సంపు నిండగానే నీళ్ళు ఆపాల్సిన బంతి ఎప్పుడో విరిగిపోయింది. నిండిన నీళ్ళు నిండినట్టే పక్కనున్న మొక్కల కంచె మొదళ్ళలోంచి మురుగుకాలవలోకి పోతున్నాయి. ఫిట్టర్ వాల్వు బిగించి వెళ్ళాడు. తెల్లారేసరికి ఇదిగో, ఈ చప్పుడు.

"పోయిన వేసవిలో వేయించాను," అన్నాడు లైబ్రేరియన్. "నువ్వు ట్రైనింగ్‌కి వెళ్ళినప్పుడు. మన కుళాయిలో నీళ్ళు దారంలా వచ్చేవి, గుర్తులేదా? గిన్నెలు తోముకోవడానికి దిక్కులేదు, ఈ ఇంట్లో పట్టించుకునే మనిషే లేడు అని నువ్వే అన్నావు."

"అన్నాను. పట్టించుకోమన్నాను, దొంగతనం చెయ్యమన్నానా?"

"దొంగతనం ఏమిటి? అవీ కాలేజీ నీళ్ళే, ఇదీ కాలేజీ ఇల్లే."

కూతురు నవ్వింది. అది నవ్వులాగా లేదు. "ఈ మాట భోజనశాలలో నిలబడి చెప్పు నాన్నా. అక్కడ క్షమాపణలు చెప్పుకోవడం మాకు బాగా అలవాటయింది."

వార్డెన్ ముఖం పాలిపోయింది. ఆ దెబ్బ తండ్రికి కాదు, తనకే అని తెలుసు.

ఇక్కడ వార్డెన్‌గారి ఘనకార్యం కూడా ఒకసారి చెప్పుకోవాలి. ట్యాంకు ఎందుకు నిండడం లేదంటే అమ్మాయిలు గంటల తరబడి నీళ్ళు గుమ్మరించుకుంటున్నారు కాబట్టి అని ఆవిడ తేల్చేసింది. మనిషికి పొద్దున ఒక్క బకెట్ అని రూలు పెట్టింది. ప్రతి బకెట్ మీదా గది నంబరు వేయించింది. స్నానాల గదుల ముందు వంతులవారీగా ఒక అమ్మాయిని కాపలా కూర్చోబెట్టింది. కోపంతో పెట్టిన రూలు కాదు, అందుకు చాలా బాధపడుతున్నానని చెప్పి మరీ పెట్టింది.

అంతటితో ఆగినా బాగుండేది. పొదుపు అంటే ఏమిటో చూపిస్తానని అమ్మాయిల్ని బ్యాచ్‌లు బ్యాచ్‌లుగా తన పెరట్లోకి తీసుకొచ్చింది. కాలేజీ మొత్తానికి పచ్చగా మిగిలిన ఒకే ఒక్క కంచెను చూపించి, "కూరగాయలు కడిగిన నీళ్ళతో పెంచుకున్నాను. మనసుంటే చాలమ్మా," అంది.

ఆవిడ అబద్ధమాడలేదు. రోజూ ఒక గిన్నెడు నీళ్ళు నిజంగానే పోసేది. గిన్నెడు నీళ్ళకి నిలువెత్తు కంచె ఎలా పెరిగిందని ఆవిడా ఆలోచించలేదు, అమ్మాయిలూ అడగలేదు. వృక్షశాస్త్రం లెక్చరర్ కూడా వచ్చి చూసి, ఆకులు నిమిరి, మెచ్చుకుని వెళ్ళాడు.

నిన్న పొద్దున మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె రెండో బకెట్ పట్టుకుంటూ దొరికిపోయింది. వార్డెన్ ఆ పిల్లని మధ్యాహ్నం భోజనశాలలో, ప్రిన్సిపాల్‌గారి బల్ల పక్కన నిలబెట్టింది. "తోటివాళ్ళ వంతు నీళ్ళు వాడుకున్నాను, క్షమించండి," అని అందరి ముందూ చెప్పించింది. వెనక బల్లల వాళ్ళకి వినపడలేదంటే మళ్ళీ చెప్పించింది. సాయంత్రానికల్లా ఆ పిల్లకి 'రెండు బకెట్లు' అని పేరు పడిపోయింది.

ఫిట్టర్ వచ్చింది ఆ సాయంత్రమే.

"ఆ అమ్మాయి వాళ్ళమ్మ ఇవాళ వస్తోందట," అంది కూతురు. "కాలేజీ మాన్పించి తీసుకెళ్ళిపోతుందని హాస్టలంతా చెప్పుకుంటున్నారు."

"ఎన్నింటికి?" అంది వార్డెన్.

"మధ్యాహ్నం భోజనాలయ్యాక అన్నారు."

లైబ్రేరియన్ టీ కప్పు పక్కకి జరిపాడు. "చూడండి, ఇద్దరూ నా మాట వినండి. పైపు మూసేశాం. ఇకనుంచి హాస్టల్‌కి నీళ్ళు పుష్కలం. బకెట్ల రూలు తీసేస్తే అందరూ సంతోషిస్తారు. ఫిట్టర్ నాకు తెలిసినవాడు, నోరు విప్పడు. జరిగినదాన్ని తవ్వి తీస్తే ఎవరికి లాభం?"

"ఆ అమ్మాయికి," అంది కూతురు.

"ఆ అమ్మాయి రూలు దాటిన మాట అబద్ధమా? ఒక్క బకెట్ అంటే ఒక్క బకెట్. మిగతావాళ్ళంతా సర్దుకోలేదూ?"

"నాన్నా, ఆ అమ్మాయి రెండో బకెట్‌తో స్నానం చెయ్యలేదు. దుప్పటి ఉతుక్కుంటోంది."

తండ్రి కప్పు వైపు చూశాడు. కూతురు తల్లివైపు తిరిగింది.

"తెల్లవారకముందే లేచి, ఎవరూ చూడకుండా, ఒక ఆడపిల్ల దుప్పటి ఉతుక్కుంటోందమ్మా. ఎందుకని విడిగా అడిగావా నువ్వు? అంతమందిలో, వంటవాళ్ళు చూస్తుండగా, ప్రిన్సిపాల్‌గారి పక్కన నిలబెట్టి 'ఎందుకు పట్టుకున్నావు, చెప్పు' అన్నావు. ఏం చెబుతుంది?"

వార్డెన్ కుర్చీలో కూలబడింది. ఎంతో అనుభవం గల మనిషి. హాస్టల్‌లో ఎవరికి ఎప్పుడు తలనొప్పో, ఎవరు ఇంటిమీద బెంగతో తిండి మానేశారో మొహం చూసి చెప్పగలదని పేరు. ఆ సంగతి తనకి తట్టలేదు. ఆ పిల్ల నోరు మెదపకుండా నిలబడితే పొగరు అనుకుంది. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళంతా సిగ్గుతో మండిపోతోంది.

"నీకెప్పుడు తెలిసింది?" అంది మెల్లగా.

"నిన్న మధ్యాహ్నమే. అక్కడ నిలబడి ఉండగానే మా బల్ల దగ్గర అందరం అనుకున్నాం."

"మరి నాతో చెప్పలేదేం?"

కూతురు గుమ్మం చెక్క మీద గోటితో గీసింది. "వార్డెన్ కూతురు వెనకేసుకొచ్చిందంటారని. ఇంకోటి, మా బల్ల దగ్గర అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిన్న మధ్యాహ్నం మనింట్లో తలస్నానం చేసి, తడి జుట్టు ఆరబెట్టుకుంటూ భోజనానికెళ్ళాను నేను. ఎన్ని బకెట్లు పోసుకున్నానో నాకే తెలీదు."

బయట ఎవరో మోటారు కట్టేశారు. చప్పుడు ఆగిపోయింది. అమ్మాయిలు మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

"మధ్యాహ్నం చెబుతాను," అంది వార్డెన్. "భోజనాలప్పుడు, అందరి ముందూ. ఆ పిల్ల వెళ్ళిపోకముందే చెప్పాలి."

"ప్రిన్సిపాల్‌గారితో విడిగా చెబితే సరిపోదూ?" అన్నాడు లైబ్రేరియన్.

"ఆ పిల్లతో విడిగా చెప్పించానా?"

లైబ్రేరియన్ లేచి చెప్పులేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

* * *

వార్డెన్ భోజనశాలకి బయల్దేరేముందు పెరట్లోకి వెళ్ళింది. ఆయన చొక్కా చేతులు మడుచుకుని, ఫిట్టర్ తవ్విపోసిన మట్టిని పారతో మళ్ళీ గోతిలోకి తోస్తున్నాడు. పుస్తకాల దుమ్ము తప్ప వేరే మట్టి ఎరగని చేతులు. అరచేయి అప్పుడే బొబ్బెక్కింది.

"కప్పేస్తున్నారా?" అంది.

"ఎవరైనా పడతారని."

ఆవిడ కంచె పక్కన నిలబడింది. ఆకులు నిగనిగలాడుతున్నాయి. ఇన్నాళ్ళూ చూస్తే ముచ్చటేసేది, ఇప్పుడు చూడబుద్ధి కాలేదు.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. నేను బకెట్ల రూలు పెట్టినప్పుడైనా మీకు అనుమానం రాలేదా?"

ఆయన పార ఆపాడు. "వచ్చింది."

"వచ్చిందా?"

"మన కొద్దిపాటి నీళ్ళకి అంత ట్యాంకు ఎందుకు ఖాళీ అవుతుందిలే అనుకున్నాను. బంతి విరిగిన సంగతి నాకు తెలీదు, ఒట్టు. కానీ అనుమానమైతే వచ్చింది. అప్పటికే నువ్వు మీటింగు పెట్టేశావు. అమ్మాయిల్ని తెచ్చి కంచె చూపిస్తున్నావు. అప్పుడు చెబితే నీ పరువు పోతుందనుకున్నాను."

"నా పరువు కోసం ఊరుకున్నారన్నమాట."

"నీ కోసమే."

ఆవిడకి ఒళ్ళు మండాల్సింది. మండలేదు. ఎందుకంటే ఆవిడకీ ఒక సంగతి గుర్తుకొస్తోంది. ట్రైనింగ్ నుంచి తిరిగొచ్చిన పూట కుళాయి తిప్పితే నీళ్ళు ధారగా పడ్డాయి. ఏం చేశారని అడిగితే, "ఏదో బాగు చేయించానులే," అన్నాడు ఆయన. ఏం బాగు చేయించారని ఆవిడ మళ్ళీ అడగలేదు. గిన్నెలు తోముకుంది, తృప్తిగా. అడిగితే ఏదో ఒకటి తెలుసుకోవాల్సి వస్తుందని అడగలేదేమో. తన మనసు తనకే నచ్చలేదు.

"నాకూ అందులో భాగముంది," అంది. "వెళ్ళొస్తాను."

"ఇల్లు ఖాళీ చెయ్యమంటారు," అన్నాడాయన వెనకనుంచి. "ఇద్దరి ఉద్యోగాలూ పోవచ్చు. పిల్లకి ఇంకా పరీక్షలవ్వలేదు. ఒక్కసారి ఆలోచించు."

ఆవిడ ఆలోచించింది. పెరడు దాటి, బట్టలారేసే తీగల కింద నుంచి వంగి, రీడింగ్ హాలు పక్కగా భోజనశాల చేరేదాకా అదే ఆలోచించింది.

* * *

చిన్న కాలేజీ కావడం వల్ల భోజనాలు అందరికీ ఒకే పంక్తిలో జరుగుతాయి. పొడుగాటి బల్లలు, ఎవరి కంచం వాళ్ళే తెచ్చుకుని ఎవరి కంచం వాళ్ళే కడుక్కునే పద్ధతి. లెక్చరర్లు, ఆఫీసువాళ్ళు గోడవారగా కూర్చుంటారు. ప్రిన్సిపాల్‌గారి బల్ల మాత్రం చివర, కాస్త ఎత్తు మీద. ఆయనకి మాట్లాడ్డం ఇష్టం. మొదలుపెట్టాక ఆపడమే కష్టం.

ఇవాళ హాలు హుషారుగా ఉంది. చాలామంది అమ్మాయిల జుట్లు తడిగా ఉన్నాయి. ఎవరికీ వార్డెన్ అంటే భయం కనిపించడం లేదు. కొందరు నవ్వుతూ, "గుడాఫ్టర్‌నూన్ మేడమ్," అన్నారు.

'రెండు బకెట్లు' కిటికీ దగ్గర బల్ల చివర కూర్చుంది. పక్క కుర్చీ ఖాళీ. జుట్టు పొడిగానే ఉంది. ట్యాంకు పొర్లి అందరూ తడిసిన పూట కూడా ఆ పిల్ల ఒక్క బకెట్‌తోనే సరిపెట్టుకుందని వార్డెన్‌కి చూడగానే అర్థమైంది.

కూతురు మూడో బల్ల దగ్గరుంది. తినడం లేదు, తల్లినే చూస్తోంది.

వార్డెన్ తిన్నగా ఎత్తు మీదికి వెళ్ళింది. నిన్న ఆ పిల్లని నిలబెట్టిన చోటే నిలబడింది. అక్కడినుంచి చూస్తే హాల్లో ప్రతి మొహమూ కనిపిస్తుందని నిన్న గమనించలేదు.

"సర్, అందరితో ఒక మాట చెప్పాలి," అంది.

"నేనూ అదే అనుకుంటున్నాను," అన్నాడు ప్రిన్సిపాల్, మూతి తుడుచుకుంటూ లేచి. "మీరు మొహమాటస్తులు, మీ గురించి మీరు చెప్పుకోరు. నన్ను చెప్పనివ్వండి."

"అది కాదు సర్, ట్యాంకు గురించి..."

"ట్యాంకు గురించే," అని ఆయన హాలువైపు తిరిగాడు. "పొద్దున అందరూ చూశారు కదా? నేనైతే నా ఆఫీసు కిటికీలోంచి చూసి నమ్మలేకపోయాను. పోయిన సంవత్సరం నీళ్ళ ట్యాంకర్లు తెప్పించుకున్న కాలేజీ ఇది. ఇవాళ మన ట్యాంకు పొర్లింది. ఎలా పొర్లింది? వానొచ్చిందా? కొత్త బోరు వేశామా? లేదు. క్రమశిక్షణ. ఒక్క బకెట్. మీరందరూ మేడమ్‌ని తిట్టుకున్నారు, నాకు తెలుసు."

హాలంతా నవ్వింది.

"ఇప్పుడు చెప్పండి, ఎవరు కరెక్టు? నిన్న ఒక అమ్మాయి చేత క్షమాపణ చెప్పిస్తుంటే నాకు కూడా కాస్త ఎక్కువైందేమో అనిపించింది. కాదు, మేడమే కరెక్టు. తెల్లారేసరికి ఫలితం కళ్ళముందుంది. అందరూ ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి."

కొట్టారు. చెంచాలతో బల్లల మీద కూడా కొట్టారు. పిల్లలు మనస్ఫూర్తిగా కొట్టే చప్పట్లు వార్డెన్ ఉద్యోగంలో ఎప్పుడూ వినలేదు. కిటికీ దగ్గర 'రెండు బకెట్లు' కూడా కంచం పక్కకి పెట్టి, అందరితోపాటు చప్పట్లు కొట్టింది. దొంగచాటుగా కాదు, ఎగతాళిగా కాదు. తన తప్పు నిజమని నమ్మిన పిల్లలా కొట్టింది.

వార్డెన్ నోరు తెరిచింది. ఇంతకాలం స్టేజీల మీద అలవాటైన మెడ ఒకటుంది కదా, అది దానంతట అదే ఊగింది. పెదాలు కూడా కొంచెం నవ్వాయి. మెప్పు పుచ్చుకున్నట్టే అయింది.

మూడో బల్ల దగ్గర కూతురు తల దించుకుంది.

ఇంతవరకూ అది భర్త వేయించిన పైపు. ఇప్పుడు తనది కూడా. ఎవరూ చెప్పకుండానే వార్డెన్‌కి ఆ సంగతి తెలిసింది.

ప్రిన్సిపాల్ క్రమశిక్షణలోంచి ఆటల పోటీల్లోకి, ఆటల పోటీల్లోంచి తన చదువుకునే రోజుల్లోకి వెళ్ళిపోయాడు. కంచాలు కడుక్కోవడానికి లేవబోయిన వాళ్ళంతా మళ్ళీ కూర్చున్నారు. అంతలో వాచ్‌మన్ పక్కగుమ్మంలోంచి వంగి వచ్చి వార్డెన్ చెవిలో చెప్పాడు.

"ఆ పాప వాళ్ళమ్మ వచ్చారు మేడమ్. కాస్త ముందే వచ్చేశారు. విజిటర్స్ రూమ్‌లో కూర్చోబెట్టాను."

వార్డెన్ కిటికీ వైపు వెళ్ళి ఆ పిల్ల భుజం తట్టింది. ఇద్దరూ చప్పుడు కాకుండా బయటికి వచ్చారు.

* * *

భోజనశాలకి, విజిటర్స్ రూమ్‌కి మధ్య చిన్న వరండా. ఒకవైపు కంచాలు కడుక్కునే కుళాయిల వరస. వార్డెన్ అక్కడ ఆగింది. ఆ పిల్ల కూడా ఆగింది, రెండడుగులు వెనక.

"నీతో ఒక మాట చెప్పాలమ్మా."

"సారీ మేడమ్, ఇంకెప్పుడూ చెయ్యను."

"అది కాదు. నువ్వు విను." వార్డెన్ ఒకసారి వెనక్కి చూసుకుంది. ఎవరూ లేరు. ఎవరూ లేరని చూసుకోవడం తనకే తెలిసి, గొంతు తగ్గింది. "నీళ్ళు మీ వల్ల తక్కువ కాలేదు. మా ఇంటికి పోయాయి. మా ఆయన ట్యాంకు నుంచి మా ఇంటికి పైపు వేయించారు, అందులోంచి నీళ్ళన్నీ మురుక్కాలవలోకి పోయాయి. నాకు నిన్న సాయంత్రం తెలిసింది. నీ తప్పేం లేదు. నన్ను క్షమించు."

ఆ పిల్ల కాసేపు అర్థం కానట్టు చూసింది. తర్వాత లెక్క కట్టుకుంటున్నట్టు కనుబొమలు ముడిచింది.

"నిన్న సాయంత్రమా మేడమ్?"

"అవును."

"అయితే ఇందాక చప్పట్లు కొట్టేటప్పటికి మీకు తెలుసు."

అడిగిన తీరులో కోపం లేదు. వార్డెన్‌కి అదే భరించడం కష్టమైంది.

"తెలుసు," అంది. "చెబుదామనే వచ్చాను. ఆయన మాట్లాడనివ్వలేదు."

చెప్పాక అది ఎంత చిన్న సాకో తన చెవికే వినిపించింది. ఆ పిల్ల కుళాయిల వైపు చూస్తూ నిలబడింది.

"నాతో అందరి ముందూ చెప్పించారు మేడమ్. మీరు నాకొక్కదానికే చెబుతున్నారు."

లోపల ప్రిన్సిపాల్ ఏదో అన్నట్టున్నాడు, హాలు మళ్ళీ నవ్వింది.

"చెబుతాను," అంది వార్డెన్. "రాత్రి భోజనాలప్పుడు తప్పకుండా చెబుతాను. ఆ దుప్పటి సంగతి కూడా నేను అడగాల్సింది..."

"దాని గురించి వద్దు మేడమ్," అంది ఆ పిల్ల గబుక్కున. మొహం ఎర్రబడింది. "ఎవరితోనూ అనకండి. మా అమ్మతో కూడా. రాత్రికి నేనుంటానో లేదో. అమ్మ ఏమంటుందో."

విజిటర్స్ రూమ్‌లో బెంచీ అంచున ఒకావిడ కూర్చుని ఉంది. బట్టలు కుట్టే ఆవిడ అని చూడగానే తెలుస్తుంది, చీర మీద రంగురంగుల దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. పనిలోంచి లేచి వచ్చేసినట్టుంది. వార్డెన్‌ని చూడగానే గబగబా నిలబడింది. తిడుతుందని, పిల్ల సామాను కట్టుకోమంటుందని వార్డెన్ గుండె చిక్కబట్టుకుంది. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

"మేడమ్, మీరు పెద్దమనసు చేసుకోవాలి," అంది ఆవిడ. "ఫోన్‌లో పిల్ల అంతా చెప్పింది. ఎవరి వంతు నీళ్ళో వాడుకుందట. నాకు రాత్రంతా నిద్ర లేదు. మేం అలా పెంచలేదు మేడమ్. వీధి కుళాయి దగ్గర కూడా మా వంతు వచ్చేదాకా నిలబడే వాళ్ళం. ఎందుకు చేసిందో అడిగితే చెప్పడం లేదు. హాస్టల్ నుంచి పంపేస్తారేమోనని పరిగెత్తుకొచ్చాను. దీని చదువు ఇక్కడ ఆగిపోతే మళ్ళీ సాగదు."

మాన్పించడానికి కాదు, మాన్పించొద్దని అడగడానికి వచ్చింది.

ఆవిడ బెంచీ కింద నుంచి సంచి లాగి, అందులోంచి ఒక చిన్న బకెట్ తీసింది. కొత్తది, ఇంకా చీటీ అంటించే ఉంది. చిన్నపిల్లలకి నీళ్ళు పోసేందుకు వాడేలాంటిది.

"పెద్దదైతే ఎక్కువ పట్టుకుంటుందని ఇది తెచ్చాను మేడమ్. ఇకనుంచి ఇందులోనే పట్టుకుంటుంది. మీరే చూద్దురుగాని."

వార్డెన్‌కి ఆ బకెట్ మీంచి చూపు తిప్పుకోవడం చేతకాలేదు. చెప్పేయాలి, ఇప్పుడే, ఈ మనిషికి. నా తప్పమ్మా, మీ పిల్లది కాదు అని. అంతే, నాలుగు మాటలు. కానీ ఎంతోమంది తల్లిదండ్రులకి సర్దిచెప్పి సర్దిచెప్పి అరిగిపోయిన నాలుక అది. ఆవిడకంటే ముందే కదిలిపోయింది.

"పర్లేదులెండమ్మా," అంది.

అన్నాక విన్నది. తప్పు లేని పిల్లని తను క్షమించింది. పైపు సంగతి తెలిసిన ఆ పిల్ల ఎదురుగానే.

తల్లి కళ్ళు తుడుచుకుంది. గుండెల మీంచి బరువు దిగిపోయినట్టు పెద్దగా ఊపిరి తీసుకుని, కూతురి వీపు మీద చెయ్యి వేసి ముందుకు జరిపింది.

"చూశావా, ఎంత మంచివారో. ఇంకోళ్ళయితే ఇంటికి పంపేసేవాళ్ళు. మేడమ్‌కి థాంక్స్ చెప్పు."

ఆ పిల్ల తల్లి చేతిలోంచి చిన్న బకెట్ తీసుకుంది. వార్డెన్ వైపు తిన్నగా చూసింది.

"థాంక్స్ మేడమ్," అంది.

తర్వాత వరండా అవతల హాలు గుమ్మం వైపు చూసి, తల్లికి మామూలు మాటలాగా వినిపించేటట్టు, మెల్లగా అంది.

"ప్రిన్సిపాల్‌గారు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు మేడమ్. లోపల అందరూ ఉన్నారు."